బూడిద చల్లిన దారి

అనగనగా మబ్బుల పక్కనే, కొండ మీద ఒక ఊరు. మన దగ్గర మంచు అంటే పొగమంచేగా, బంగారం? అక్కడ అది బియ్యప్పిండిలా రాలేది. ఆ తర్వాత గట్టిపడి గాజులా జారేది.

ఆ ఊళ్ళో సూరమ్మ అని ఒక మంత్రసాని. ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసింది ఆవిడే.

చలికాలం వస్తే ఆ ఊరికి ఒక కట్టడి ఉండేది. తెల్లారగానే ఆడవాళ్ళు పొయ్యిలో బూడిద తట్టకెత్తి చావడి దారిలో చల్లాలి. బూడిద పడితే కాలు జారదు. మగవాళ్ళు చావడిలో కూర్చుని ఊరి మంచిచెడ్డలు మాట్లాడాలి కదా, పాపం.

నీళ్ళు తెచ్చే ఊట దారికి, తిరగలి దారికి, సూరమ్మ సందుకి పిడికెడు బూడిద మిగిలేది కాదు. అక్కడ నడిచేది ఆడవాళ్ళేగా.

ఒకరోజు ఊట దారిలో ఒకామె జారింది. కడవ పగిలింది. ఆ తర్వాత తిరగలి దారిలో ఇంకొకామె జారింది. పిండి ఒలికింది. ఏది పిండో ఏది మంచో తెలియక రెండూ కలిపి ఎత్తుకుంది. ఆ తర్వాత సూరమ్మే తన వాకిట్లో జారింది. చీలమండ బుస్సున పొంగింది.

అప్పుడు సూరమ్మ కర్ర పట్టుకుని చావడికి పోయింది. "కాస్త బూడిద మా దారుల్లోనూ చల్లించు, వీరపయ్యా," అంది.

వీరపయ్య ఊరిపెద్ద. "ఆడవాళ్ళు నిదానంగా నడవాలత్తా. మీ తొందరకి మంచేం చేస్తుంది?" అన్నాడు. చావడి అంతా నవ్వింది.

వారం తిరిగింది. ఒకరోజు తెల్లారకముందే వీరపయ్య కూతురు గౌరికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది.

అప్పుడు వీరపయ్య సూరమ్మ కోసం పరుగెత్తాడు. సందు మొదట్లో జారాడు, తలపాగా పోయింది. నడుమ జారాడు, చెప్పు పోయింది. గుమ్మం ముందు జారాడు, ఉన్న పెద్దరికమూ పోయింది.

"నిదానంగా నడవాలి, నాయనా," అంది సూరమ్మ. అప్పటికే సంచి భుజాన వేసుకుంది. "గౌరి కోసం వస్తాను. కానీ ఈ కాలితో నేనూ పడితే చేతులు విరుగుతాయి. నీకు కావలసినవి ఆ చేతులే. ముందు దారికి బూడిద వెయ్యి."

వీరపయ్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తట్ట పట్టాడు. ఇంటింటి ముందూ నిలబడి, "అమ్మా, కాస్త బూడిద," అని అడిగాడు. ఆడవాళ్ళు ఆ పొద్దుటి బూడిదంతా ఊడ్చి పోశారు. వాళ్ళూ వెంట వచ్చి చల్లారు. ఆ దారిన సూరమ్మ నడిచి వెళ్ళింది, బిడ్డని తిప్పింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల కేరుమంది.

"ఇది నడక నేర్చేలోపు ఊట దారికీ బూడిద పడాలి," అంది సూరమ్మ, పిల్లని తాత చేతిలో పెడుతూ.

మర్నాటి నుంచి మొదటి తట్ట ఊట దారికి, రెండోది తిరగలి దారికి, మూడోది సూరమ్మ సందుకి. చావడి దారికి మిగల్లేదు. మగవాళ్ళు గొణిగారు. "పొయ్యి ఇంట్లోనే ఉంది, తట్టా ఇంట్లోనే ఉంది," అన్నారు ఆడవాళ్ళు.

మగవాళ్ళూ తట్ట పట్టడం నేర్చుకున్నారులే. నిదానంగానే అనుకో.

కథ పోయింది కంచికి, తట్ట ఎక్కింది తాతయ్య భుజానికి, ఇక నువ్వు పద నిద్దరకి.