కాచుకున్నమ్మ వెలసిన కథ

గొర్లవంక గ్రామంలో బస్సు దిగి తూర్పుగా మైలు దూరం నడిస్తే కాచుకున్నమ్మ గుట్ట వస్తుంది. మెట్లు నూట పన్నెండు. పైన గోపురం లేదు, ప్రాకారం లేదు. నాలుగు రాతి స్తంభాల మీద చిన్న మండపం, అందులో కూర్చున్న భంగిమలో అమ్మవారు. ఆమె చేతుల్లో ఆయుధం గాని, పద్మం గాని కనిపించవు. దూరప్రాంతాల భక్తులు ఈ పేరు విని కాపాడిన తల్లి అని అర్థం చెప్పుకుంటారు. ఈ సీమలో కాచుకోవడమంటే ఎదురుచూడడం. అమ్మవారికి ఆ పేరు ఎలా వచ్చిందో పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ గొర్రెలు మేపుకుని బతికే సిద్ధన్న, బయ్యక్క అనే దంపతులు ఉండేవారు. వారికి గురివి అనే ఆడబిడ్డ పుట్టింది. బిడ్డకు ఎనిమిదో నెల నడుస్తుండగా వానలు పూర్తిగా ముఖం చాటేశాయి. మంద సగానికి పైగా చచ్చిపోయింది. అదే సమయంలో పాలెగాని కోటలో దొరసాని ప్రసవించింది. ఆమెకు పాలు పడలేదు. చంటిబిడ్డ తల్లి ఎవరైనా వచ్చి పాలు ఇస్తే ఆమె ఇంటికి వారం వారం జొన్నలు పంపుతామని కోట నుంచి కబురు వచ్చింది. అయితే సొంత బిడ్డను వెంట తీసుకురాకూడదు, మధ్యలో వెళ్లి చూడకూడదు. ఇంట్లో నలుగురి ఆకలి చూసి బయ్యక్క ఒప్పుకుంది. నిద్రపోతున్న గురివిని అత్త తిప్పక్క పక్కన పడుకోబెట్టి, లేస్తే వెళ్లలేనని, వెనక్కి చూడకుండా నడిచిపోయింది.

గురివి మొదటి పది రోజులు గుక్కపట్టి ఏడ్చింది. పాకుతూ గడప దాకా వెళ్లి వీధిలోకి చూసేది. తరువాత గడప దగ్గరే కూర్చుని మౌనంగా చూసేది. నెల తిరిగేసరికి అదీ మానేసింది. తిప్పక్క సంతోషించి, ఇంత బుద్ధిమంతురాలిని ఎక్కడా చూడలేదని ఇరుగుపొరుగుకు చెప్పుకుంది. కోటకు జొన్నల కోసం వెళ్లినప్పుడల్లా సిద్ధన్న కూడా ఆ మాటే చేరవేసేవాడు. బిడ్డ ఏడవడం లేదని విని బయ్యక్క గుండె కుదుటపరచుకునేది. ఆ కుదుటపాటును తలచుకునే ఆమె తన జీవితమంతా దుఃఖించింది.

మూడేళ్ల తరువాత కోట వారు ఆమెను పంపివేశారు. దారి పొడవునా బిడ్డ పేరు పలుకుతూ బయ్యక్క ఇల్లు చేరింది. గురివి వాకిట్లో రాళ్లు పేర్చుకుంటోంది. తలెత్తి చూసి, మళ్లీ రాళ్లు పేర్చుకుంది. ఎత్తుకుంటే కట్టెలా బిగుసుకుపోయింది. నాలుగేళ్లు నిండవస్తున్నా దానికి పట్టుమని పది మాటలు రావు. కింద పడి మోకాలు చీరుకుపోయినా ఎవరి దగ్గరికీ పోదు. ఎవరు పిలిచినా వెళుతుంది, ఎవరు వెళ్లిపోయినా పట్టించుకోదు. పెట్టిన సంగటిలో సగం చూరులో దాచుకుంటుంది.

ఆ రోజుల్లో ఈ గుట్ట మీది గవిలో, అంటే రాతి గుహలో, ఒక ముసలి జోగి తపస్సు చేసుకునేవాడు. బిడ్డకు గాలి సోకిందేమో చూడమని బయ్యక్క అతనిని వేడుకుంది. జోగి చాలాసేపు గురివిని గమనించాడు.

"గాలీ లేదు, ధూళీ లేదు తల్లీ. నీకోసం కాచుకుని కాచుకుని, ఈ బిడ్డ కాచుకోవడమే మరచింది. ఇప్పుడు నువ్వు కాచుకోవాలి" అన్నాడు.

ప్రతిరోజూ గొర్రెలను గుట్టకు తోలినప్పుడు బిడ్డను వెంట తెచ్చుకోమని, ఒకే బండ మీద కూర్చోమని, పిలవవద్దని, పట్టుకోవద్దని, తనంతట తాను వచ్చేదాకా ఓర్చుకోమని చెప్పాడు.

"ఎన్నాళ్లు సామీ?" అని ఆమె అడిగింది.

"నువ్వు లేని నాళ్లకంటే ఎక్కువే" అన్నాడు జోగి.

బయ్యక్క ఆ బండ మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఏడాదికి గురివి దూరం నుంచి ఆమె వైపు చూడసాగింది. రెండో ఏడు బండకు పదడుగుల దగ్గర ఆడుకుంది. అప్పుడు సిద్ధన్నకు విషజ్వరం వచ్చి బయ్యక్క నాలుగు రోజులు గుట్టకు రాలేకపోయింది. అయిదో రోజు వెంటబెట్టుకుని వస్తే బిడ్డ మళ్లీ గుట్ట అవతలి అంచుకు వెళ్లిపోయింది. ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి కాచుకోసాగింది.

గురివికి తొమ్మిదో ఏట, ఒక మధ్యాహ్నం వడగళ్ల వాన పడింది. బయ్యక్క గొంగడి కప్పుకుని కదలకుండా కూర్చుంది. పిల్ల చెట్టు కింద కాసేపు నిలబడింది. తరువాత నడిచి వచ్చి, మాట్లాడకుండా గొంగడి అంచు ఎత్తి లోపలికి దూరింది. తల్లి ఒడిలో తల పెట్టుకుని నిద్రపోయింది. వాన వెలిసినా బయ్యక్క లేవలేదు. కాళ్లు తిమ్మిరెక్కినా లేవలేదు.

అంతటితో అన్నీ చక్కబడలేదు. గురివి ఆ తరువాత కూడా తక్కువ మాటల మనిషిగానే పెరిగింది. ఆమెకు కూతురు పుట్టినప్పుడు ఆ పసిగుడ్డును ఎలా ఎత్తుకోవాలో తెలియక చేతులు చాపి అలాగే నిలబడిపోయింది. బయ్యక్క వెనక నిలబడి, కూతురి చేతుల కింద తన చేతులు ఆనించి బిడ్డను గుండెకు చేర్చింది.

"నీ మూడేళ్లు నేను తెచ్చి ఇయ్యలేను గురివీ. దీన్ని మాత్రం దించొద్దు" అంది.

ఊహ తెలిశాక గురివి మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది.

ముసలితనంలో బయ్యక్క ఆ బండ మీదే కన్నుమూసింది. పన్నెండో నాడు గురివి పూలు పట్టుకుని వెళితే, బండ మీద కూర్చున్న తల్లి ఆకారంలో శిల వెలసి ఉంది. ఆమె పూసిన పసుపే అమ్మవారికి తొలి పూజ. నేటికీ గురివి ఆడసంతతే ఇక్కడ పూజారులు.

కూలి పనుల కోసమో, ఉద్యోగాల కోసమో పసిబిడ్డలను విడిచి వెళ్లి తిరిగివచ్చిన తల్లులు మంగళవారం నాడు ఈ గుట్ట ఎక్కుతారు. అమ్మవారికి గొంగడి పోగు ఒకటి సమర్పించి, మండపం చుట్టూ ఉన్న బండల మీద కూర్చుంటారు. పిల్లలను పిలవరు. కొందరు పిల్లలు గంటలోనే వచ్చి ఒడిలో కూర్చుంటారు. కొందరికి ఎన్నో వారాలు పడుతుంది. అమ్మవారు గడిచిన రోజులను తిరిగి ఇస్తుందని ఇక్కడ ఎవరూ చెప్పరు. కాచుకునే ఓపికను ఇస్తుందని చెబుతారు. మధ్యాహ్న హారతి అయ్యాక కూడా ఒడి నిండని తల్లులు ఇద్దరు ముగ్గురు మిగిలే ఉంటారు. పూజారమ్మ వారికి మజ్జిగ పోసి ఇస్తుంది, వేళ అయిపోయింది, ఇక దిగండని మాత్రం చెప్పదు.