అప్పుడప్పుడు పట్టేసే స్టీరింగు

దాలయ్య మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ అడిగినవాడి మొహంకేసి కాసేపు చూసి, ఏదో ఒక పనికి రమ్మనేవాడు. ఆ పని అయ్యేసరికి అడిగినవాడికి తన ప్రశ్నే వేరేగా కనబడేది. గుమ్మలోవ ఘాట్ రోడ్డు మొదట్లో ఆయన షెడ్డు. నలభై ఏళ్లపాటు ఆ కొండ ఎక్కి దిగే జీపులన్నీ ఆయన చేతి చలవ వల్లే నడిచాయి. మోటారు షెడ్లలోనూ గురువు, శిష్యుడు అనే పిలుపులు ఉంటాయని నాకు చాలాకాలం తెలియదు. తెలిసినప్పుడు ముచ్చటేసింది.

ఆయన శిష్యుడు తవిటయ్యకి ముప్పై దాటాయి. ఐటీఐ చదువుకున్నాడు, పనిమంతుడు, మనసు కూడా మెత్తనిదే. ఒక మంగళవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గురువు పక్కన కూచుని అడిగాడు. "గురువుగారూ, బండి బాగానే ఉంది, తగ్గింది నీ చేతుల్లో సత్తువే అని ఒక పెద్దాయనకి చెప్పాలి. ఆయన మనసు నొప్పించకుండా ఆ మాట చెప్పడం ఎలాగండీ?"

ఆ పెద్దాయన బంగారయ్య. అరవై నాలుగేళ్లవాడు. ఆయన తోలే జీపు కూడా ముసలిదే. కొండమీది ఊళ్లవాళ్లని కిందికి దించడం, సాయంత్రం మళ్లీ ఎక్కించడం, ముప్పై ఏళ్లుగా ఇదే ఆయన బతుకు. రెండు నెలలుగా ఒకటే మాట చెబుతున్నాడు, స్టీరింగు పట్టేస్తోందని. రోజూ కాదు. ఎప్పుడో ఒకసారి, ఏదో ఒక మలుపులో, ఎవరో అవతలి నుంచి పట్టుకుని లాగుతున్నట్టు బిగిసిపోతుంది. జీపు ఒక గుంతలో పడి ఊగేసరికి, ఏమీ ఎరగనట్టు వదిలేస్తుంది.

తవిటయ్య మూడుసార్లు చూశాడు. జాకీ పెట్టి ముందు చక్రాలు లేపి అటూ ఇటూ తిప్పాడు. చక్రాల్లో గాలి చూశాడు. కీళ్లన్నిటికీ గ్రీజు పట్టించాడు. తనే ఎక్కి సగం కొండ దాకా తోలుకెళ్లి తీసుకొచ్చాడు. ప్రతిసారీ స్టీరింగు వెన్నలా తిరిగింది. బంగారయ్య మాత్రం షెడ్డుకి తెచ్చిన ప్రతిసారీ బండిని ఖాళీ చేసి, కడిగి, లోపల ఊడ్చి, ముందు కుంకుమబొట్టు పెట్టి మరీ తెచ్చేవాడు. వైద్యుడి దగ్గరకి పిల్లని తీసుకెళ్లే తల్లి ముందు ఒళ్లు కడిగి, తల దువ్వుతుంది కదా, అలాగ.

జీపు ఆయనది కాదు, తమ్ముడి కొడుకు సూరిబాబుది. మూడోసారి చూశాక తవిటయ్య అతనితో "బండిలో ఏమీ లేదు" అన్నాడు. అంతే అన్నాడు. మిగతాది సూరిబాబే కలుపుకున్నాడు. "పెదనాన్నా, వయసైపోయింది. ఎక్కేది పద్నాలుగు ప్రాణాలు. బుధవారం సంతకి తోలి, గురువారం తాళం నాకిచ్చెయ్" అన్నాడు. బంగారయ్య నేరుగా షెడ్డుకి వచ్చి తవిటయ్యని అడిగాడు. "నా సేతులే అయితే నువ్వే సెప్పు బాబూ. ఇంకొకడి నోట ఇనలేను."

ఇదంతా విని దాలయ్య, "రేపు సంత కదా. తెల్లవారి మొదటి బస్సుకి పైకెళ్లి, ఆయన బండిలో కిందికి వద్దాం. చెప్పేది దిగాక చెబుదువు గాని" అన్నాడు.

"నేను తోలి చూశాను కదండీ."

"నువ్వు తోలింది ఖాళీ బండి. ఆయన తోలేది మనుషుల్ని."

బుధవారం పొద్దున్నే పై ఊళ్లో జీపు చుట్టూ సంత సగం అక్కడే ఉంది. పైన పసుపు బస్తాలు, వెదురు చేటలు. వెనక కోళ్లని కాళ్లు కట్టి పట్టుకున్న ఆడవాళ్లు. వాళ్లలో ఒకామె, "ఏటి మేస్త్రీ, శిష్యుణ్ణి ఎంటబెట్టుకుని బయల్దేరినావు? సంబంధం సూడ్డానికా?" అంది. "ఇతనికి అయిపోయిందమ్మా, నాకే చూడాలి" అన్నాడు దాలయ్య. జీపంతా నవ్వింది. బంగారయ్య నవ్వలేదు. ఇది తన ఆఖరి సంత అని ఆయన ఎవరికీ చెప్పలేదు.

అంతలో లక్కమ్మ వచ్చింది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, ఒంట్లో పట్టెడు కండ లేదు. పనసకాయలు దిగినన్నాళ్లూ ప్రతి బుధవారం రెండేసి కాయలు సంతకి తెస్తుంది. మనవడు వాటిని మోసుకొచ్చి అక్కడ దించి పోయాడు. ఒక్కొక్కటి చంటిపిల్లాడిని దాటిన బరువు. వెనకవాళ్లు కాళ్లు అడ్డం పెట్టారు.

"ఆ జిగురు నా కోకకంటితే నువ్వుతుకుతావేటే అప్పా?"

"పైన పడెయ్యండి."

"పైన పెడితే తొలి మలుపులోనే లోయలో ఉంటాది నా పనస" అంది లక్కమ్మ.

బంగారయ్య ఆ వాదంలోకి దిగలేదు. ఆవిడ వెనక మెట్టు ఎక్కలేదు, మలుపుల్లో వాంతి కూడా చేసుకుంటుంది. అందుకని చెయ్యిపట్టి ముందు సీట్లో తలుపు పక్కన కూచోబెట్టాడు. రెండు పనసకాయలూ ఎత్తి, స్టీరింగు రాడ్డు నేలలోకి దిగేచోట, తన ఎడమకాలి పక్కన సర్దుకున్నాడు. చెప్పులు విడిచి గుమ్మం పక్కన పెట్టుకున్నంత మామూలుగా చేశాడు ఆ పని. మధ్యలో తవిటయ్య ఇరుక్కున్నాడు. దాలయ్య వెనక కోళ్ల మధ్య కూచుని, అదంతా చూశాడు.

మూడు మలుపులు జీపు బాగానే దిగింది. నాలుగోది ఎడమకి తిరగాలి. కుడిపక్క పిట్టగోడ, దాని అవతల ఏమీ లేదు. సగం తిరిగాక స్టీరింగు ఆగిపోయింది. బంగారయ్య బ్రేకు మీద కాలు అదిమి, పళ్లు బిగబట్టి రెండు చేతులతో లాగాడు. మోచేతి దాకా నరాలు తేలాయి. తవిటయ్య ఒక్క క్షణం ఆ చేతులకేసే చూశాడు. తరవాత తన రెండు చేతులూ వాటి పక్కన వేసి, ఉన్న బలమంతా పెట్టి లాగాడు.

తిరగలేదు.

పిట్టగోడకి జానెడు దూరంలో జీపు ఆగింది. వెనక కోళ్లు రెక్కలు కొట్టుకున్నాయి. దాలయ్య అందరినీ దించి, చక్రాలకి రాళ్లు పెట్టించాడు. స్టీరింగు తిప్పమన్నాడు. అప్పుడూ తిరగలేదు. లక్కమ్మకి మాత్రం తన కాయల మీదే ప్రాణం. "ముందు నా పనస తియ్యి నాయనా" అని గోల పెడితే, తవిటయ్య వాటిని ఒక్కొక్కటే తీసి రోడ్డు మీద పెట్టాడు.

"ఇప్పుడు తిప్పు" అన్నాడు దాలయ్య.

వెన్నలా తిరిగింది.

కాయలు మళ్లీ అక్కడే పెట్టించాడు. బిగిసింది. తీయించాడు. తిరిగింది. కాలి కింద పట్టా ఎత్తి చూస్తే, నేల రేకు రాడ్డు చుట్టూ తుప్పు తిని చీలి ఉంది. పనసకాయల బరువుకి కుంగి, దాని అంచు రాడ్డుని కరుచుకుంటోంది. బండి ఊగి బరువు జరిగితే వదిలేస్తోంది. కడిగి బొట్టు పెట్టి తెచ్చిన బండిలో పనసకాయలెక్కడుంటాయి? చెప్పవలసిన సంగతి అని బంగారయ్యకి తోచలేదు. అడగాలని తవిటయ్యకీ తోచలేదు. ఇద్దరి తప్పూ నాకు ఒక్కలాగే కనబడుతుంది, చిన్నగా.

బంగారయ్య పిట్టగోడ మీద కూచున్నాడు. ఎవరో నీళ్లిచ్చారు. తాగకుండా ఆ చెంబుకేసే చూస్తూ ఉండిపోయాడు. "రెండు నెల్లయ్యింది మేస్త్రీ. పొద్దున్న లేవగానే సెంబు నిండా నీళ్లు పట్టి, సెయ్యి సాపి పట్టుకు నిలబడేవాణ్ణి, తొణుకుతాయేమోనని. మా ఆడమనిషి సూసి, ఏ దేవుడికయ్యా అర్ఘ్యం ఇస్తన్నావనేది. అవునని అబద్ధమాడేవాణ్ణి. ఏనాడూ సుక్క తొణకలేదు. ఆఖరికి, కళ్లు కూడా పోయాయేమో, తొణికింది కనపడలేదేమో అనుకున్నాను."

లక్కమ్మ వచ్చి పక్కన చతికిలబడి, ఆయన చెయ్యి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగానే ఉన్నాయి కదరా, నన్నెక్కించినవి ఇవే కదా" అంది. అప్పుడు ఆయన నీళ్లు తాగాడు.

దాలయ్య పెద్ద పానాతో రేకు అంచుని కొట్టి, రాడ్డుకి బెత్తెడు ఎడంగా పైకి వంచాడు. కొత్త రేకు వేసేదాకా అక్కడ బరువు పెట్టకూడదన్నాడు. స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పదిసార్లు తిప్పి చూసి, అందరినీ ఎక్కమన్నాడు.

బంగారయ్య తాళం తీసి తవిటయ్యకేసి చాపాడు. "నువ్వు తోలు బాబూ. కుర్రసేతులు. జనానికి ధైర్యంగా ఉంటాది."

తవిటయ్య తాళం అందుకోలేదు. గురువు వైపు తిరిగాడు. సూరిబాబుతో తనన్న మాట గుర్తొచ్చింది. "గురువుగారూ, నిన్న నేను మిమ్మల్ని..." అన్నాడు.

దాలయ్య గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. వెనక్కి వెళ్లి కోళ్ల మధ్య తన చోట కూచున్నాడు. అక్కణ్ణించే అన్నాడు.

"బండి ఆయన తోలుతాడు. నువ్వా పనసకాయలు ఒళ్లో పెట్టుకో."