ముగ్గులో ఊరు

ఎప్పుడో, ఏ రాజ్యంలోనో గానీ, తుమ్మలవలసలో నీళ్ళకు కటకటగా ఉండేది. రాజుగారు ఒక్క బావికి ఒప్పుకుని, చోటు తేల్చి రమ్మని మంత్రిని పంపారు.

మంత్రి ఊరందరినీ కళ్ళంలోకి పిలిచి ముగ్గుపిండి తెప్పించాడు. "మీ ఊరిని మీరే నేలమీద గీయండి. బొమ్మకు నడిమధ్యన ఎవరుంటే వాళ్ళ వాకిట్లో బావి" అన్నాడు.

పిండి గిన్నె ముందుగా పెత్తందారు భైరవయ్య లాక్కున్నాడు. సగం కళ్ళం నిండా తన ఇల్లే గీశాడు. నడిమధ్య సరిగ్గా ఆయన పెరట్లో పడింది. ఊళ్ళో సగం మంది ఉండే మిట్టపేట మాత్రం ఓ మూల చుక్కయింది.

మిట్టపేట పోలమ్మ మంత్రికి చేతులు జోడించింది. "బొమ్మ బాగుందయ్యా. మరి బావి తవ్వేదెవరు?"

"ఊరివాళ్ళే. ఇంటికింత అని పంచుకోండి."

"అయితే బొమ్మలో ఎవరి ఇల్లు ఎంతుంటే వాళ్ళు అంత తవ్వాలి కదయ్యా. సగం బావి భైరవయ్యగారే తవ్వుతారు."

మంత్రి మీసాల్లో నవ్వుకున్నాడు. "న్యాయమే."

భైరవయ్య గబగబా పైకండువాతో తన ఇంటిని చెరపడం మొదలెట్టాడు. ఇల్లు మంచమంతయింది, పీటంతయింది, చివరికి అరచేయంతయింది. ఖాళీ అయిన చోటల్లా మిట్టపేట వాళ్ళు తమ గుడిసెలు గీసుకున్నారు. నడిమధ్య వాళ్ళ వాకిట్లోకి వచ్చేసింది.

"మరి నా ఇంటికి నీళ్ళో!" భైరవయ్య లబోదిబోమన్నాడు.

పోలమ్మ ఆ అరచేయంత ఇంటిని జాలిగా చూసింది. "ఇంత ఇంటికి ఎన్ని నీళ్ళు కావాలి బాబూ? రోజూ ఓ చెంబెడు మేమే తెచ్చి పోస్తాంలే."