ఒక్క పాటే వచ్చిన ఊయల

కొండలన్నీ ఇంకా చిన్నపిల్లలుగా ఉన్న రోజుల్లో ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. చాలా ఏళ్ల తర్వాత ఒక ఆడపిల్ల పుట్టింది. చెంగలువ అని పేరు పెట్టారు.

బారసాలకు కాలకంబళుడనే మాంత్రికుడు గంధపు చెక్క ఊయల పంపాడు. అతనికి పసిపిల్లల ఏడుపంటే గిట్టదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. రాణి పాపను అందులో వేసి ఊపింది. పాప నిద్రపోయింది. మళ్లీ లేవలేదు.

ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. ఊపిరి ఉంది. కళ్లు తెరవదు.

పెద్ద కొడుకు కాగడా తెచ్చాడు. ఊయలకు సెగ తగలగానే పాప ఒళ్లు కందిపోయింది. నడిమివాడు గొడ్డలి ఎత్తాడు. ఊయల మీద గాటు పడగానే పాప చేతిమీద ఎర్రటి గీత లేచింది. రాణి అడ్డంపడి ఇద్దర్నీ బయటికి పంపేసింది.

"ఈ చెక్కలోనే పాపం ఉంది" అన్నారు వాళ్లు.

"ఉందో లేదో దాన్నే అడుగుదాం" అన్నాడు చిన్నవాడు కువలయుడు. పాపను తల్లి ఒడిలో పెట్టి, ఖాళీ ఊయల ఊపాడు.

"అయ్యో బాబూ! ఖాళీ ఊయల ఊపుతారా ఎక్కడైనా!" అంది దాది.

అప్పుడు ఊయల మాట్లాడింది. "నా ఒడి ఖాళీ చేసి ఊపినవాడివి నువ్వే. పిల్లలుంటే నేను పాడాలి, మాట్లాడకూడదు."

"నువ్వు చెడ్డదానివా?"

"తెలీదే. ఎవరూ అడగలేదు. నాకొచ్చింది ఒకటే పాట, 'పడుకో పడుకో పూమొగ్గా' అని."

"మా అమ్మ ఏడవడం చూడలేదా?"

"చూశాను. పాపకు నిద్ర చాల్లేదని ఏడుస్తోందనుకున్నాను. ఇంకా పాడాను."

రాణి కళ్లు తుడుచుకుంది.

"లేపే పాట మాంత్రికుడి చిలుకకే వచ్చు. అది నేను నేర్చుకుని పాడకపోతే పాప లేవదు. ఆకలుండదు, కానీ పెరగదు" అంది ఊయల.

కువలయుడు ఆ ఊయలనే పడవ చేసుకుని ఏడు సముద్రాలు దాటి మాంత్రికుడి ఇల్లు చేరాడు. మొదటి వాకిట పులి. ఊయల దానివైపు తిరిగి పాడింది, పులి పడుకుంది. రెండో వాకిట కొండచిలువ. ఊయల పాడింది, కొండచిలువ పడుకుంది. మూడో వాకిట ఎలుగుబంటి. అదీ పడుకుంది.

లోపల చిలుక. "మెడ విరవడానికొచ్చావా? మాంత్రికుడి ప్రాణం నాలోనే ఉంది. కానీ పాట కూడా నాతోనే పోతుంది."

"నీ మెడ ఎందుకు? నువ్వేం చేశావు?"

"జామకాయలు తిన్నాను."

ఇంతలో మాంత్రికుడు వచ్చాడు. "నా ఊయలతో నా ఇంటికే వస్తావా!"

"నీదా? నమ్మను. నీ బొజ్జే పట్టదు ఇందులో."

"పట్టదా? చూడు!" పసివాడంత అయిపోయి పడుకున్నాడు. కువలయుడు ఊపాడు. ఊయల పాడింది. మాంత్రికుడు బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రపోయాడు. అతన్ని ఇసుకలో దింపి, చిలుకతో బయల్దేరాడు.

దారంతా చిలుక పాఠం చెప్పింది. ఆరు సముద్రాలు దాటినా ఊయలకు కొత్త పాట రాలేదు. ఏడోదానిలో వచ్చింది.

కోటలో అందరూ మూగారు. "అమ్మా, పాపను మళ్లీ ఇందులో వెయ్యాలి. ఈ ఒడిలో పట్టిన నిద్ర ఈ ఒడిలోనే వదులుతుంది" అన్నాడు కువలయుడు.

రాణి పాపను ఇంకా గట్టిగా హత్తుకుంది.

"నాకూ భయంగానే ఉంది తల్లీ. పాత పాటే నోటికొస్తే?" అంది ఊయల.

రాణి ఒక చేత్తో దాని అంచు పట్టుకుంది. పాపను వేసింది. మెల్లగా ఊపింది.

"లే లే పూమొగ్గా..."

పాప కళ్లు తెరిచింది. కెవ్వుమని ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి వీధుల్లో జనం ఆగిపోయారు.

"ఇంతకీ ఈ ఊయల మంచిదా, చెడ్డదా?" అన్నాడు పెద్దవాడు.

"ఇన్నాళ్లూ దానికి ఒకటే పాట వచ్చు. ఇప్పుడు రెండొచ్చు. ఇకమీదటే తెలుస్తుంది" అంది రాణి.

చిలుక ఏటా ఒకసారి "మాంత్రికుణ్ణి లేపుదామా?" అని అడిగేది. "ఈ ఏడాదికి వద్దులే" అనేవాడు కువలయుడు. అతనికి వైభవంగా పెళ్లయింది. చాలాకాలం చల్లగా రాజ్యమేలాడు. అతని పిల్లలూ ఆ ఊయల్లోనే పడుకున్నారు, వేళకు లేచారు.

రాణి మాత్రం బతికినన్నాళ్లూ, అది ఊగుతున్నంతసేపూ, ఒక చెయ్యి దాని అంచుమీదే ఉంచింది.