నలుగురినే అడిగాం

మా ఇంట్లో తెలివి ఎక్కువ. ఈ సంగతి మా ముగ్గురికీ తెలుసు, ఊళ్ళోవాళ్ళకే ఇంకా తెలీదు. మా నాన్న కోటిలింగం వానలో గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని పరిగెత్తే మనిషి. ఆయన అక్క చిట్టెమ్మత్తది ఇంకా ముందుచూపు, ఎండాకాలంలోనే దాచేస్తుంది. నేను వరాలుని, డిగ్రీ కూడా చదివాను.

జనం డబ్బు ఎక్కడ దాచుకోవాలో చెప్పే ఆర్థిక సలహాదారుని అవ్వాలని నా ఆశ. జాకెట్లు కుట్టి తొమ్మిది వేలు కూడబెట్టాను. అవి పోతే మళ్ళీ కుట్టుమిషనే గతి.

ఏం చదవాలని బ్యాంకు మేనేజరుగారిని అడిగాం. "మూడేళ్ళ కోర్సుంది, మూడు నెలల శిక్షణ కూడా ఉందమ్మా. శిక్షణకి తొమ్మిది వేలు, శనివారం ఆఖరు. ఏదైనా నలుగురినీ అడిగి చేరండి. కళ్ళు మూసుకుని ఎవర్నీ నమ్మకండి" అన్నారు.

ఇంకేముంది, బయటికొచ్చి అడగడం మొదలెట్టాం. ఇడ్లీబండి నూకరాజు, "ఏదైనా వేడిమీదే బాగుంటుందమ్మా" అన్నాడు. ఒకటి. "నన్నడగరేం?" అంది అత్త. అడిగాం. "నాకేం తెలుసే" అంది. రెండు. నాన్ననడిగితే, "అక్క మాటే నా మాట" అన్నాడు. మూడు.

నాలుగోవాడు బస్టాపులో నిలబడ్డ సఫారీ చొక్కా మనిషి.

"మూడు నెలలెందుకండీ? నేను ఒక్కరోజులో నేర్పేస్తా. తొమ్మిది వేలు. రేపు ఇక్కడే క్లాసు."

కళ్ళు మూసుకోకూడదు కదా. ముగ్గురం రెప్ప వెయ్యకుండా అతన్నే చూశాం. అత్త వేళ్ళతో రెప్పలు పైకెత్తి పట్టుకుంది. ఒప్పుకుంటున్నాను, ఆ ఆలోచన నాదే. నీళ్ళు ధారగా కారాయి. ఏడుస్తున్నామనుకున్నాడు పాపం, ఐదు వందలు తగ్గించాడు. అంతే, ఎనిమిదిన్నర వేలు చేతిలో పెట్టేశాం.

అప్పుడే, ఆ మూడు నెలల శిక్షణ ఇచ్చే అన్నపూర్ణ మేడం స్కూటర్ ఆపింది. "అతను మోసగాడు. డబ్బు వెనక్కి తీసుకోండి."

"నలుగురైపోయారండీ. మీరు ఐదో మనిషి" అన్నాడు నాన్న మర్యాదగా. ఈలోగా సఫారీ చొక్కా బస్సెక్కేశాడు.

మర్నాడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా బస్టాపులో కూర్చున్నాం. మాస్టారు రాలేదు. మేడమే వచ్చింది. "అతను దొరికాడట. స్టేషన్‌కి వెళ్ళండి. శనివారంలోగా డబ్బు కడితే వరాలికి సీటు ఉంచుతాను."

వెళ్ళాం. "మీ డబ్బు మా దగ్గరే ఉంది. ఫిర్యాదు రాసివ్వండి, వచ్చేస్తుంది" అన్నారు ఎస్సైగారు.

"నలుగురినీ అడిగే రాస్తాం బాబూ" అంది అత్త.

ఎస్సైగారు రాయమన్నారు. రైటరు రాయమన్నాడు. కానిస్టేబులూ రాయమన్నాడు. నాలుగో మనిషి ఎవరా అని చూస్తే, లాకప్పులో సఫారీ చొక్కా.

"రాయొద్దు" అన్నాడతను.

ఆ ముగ్గురూ కొత్తమొహాలు. మాకు తెలిసినవాడు అతనొక్కడే. అంతే, కాయితం మడిచేశాం. పైగా లోపల ఖాళీగానే ఉన్నాడట, పెద్ద కోర్సు చెప్తాడట, ఐదు వందలేనట. మిగిలిన ఐదు వందలూ ఊచల్లోంచి అందించాం, రెప్ప వెయ్యకుండా.

ఎస్సైగారు తల పట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

అత్త ఆయన్ని జాలిగా చూసింది. "ఇదిగో, ఇలా కళ్ళు మూసుకుంటేనే నాయనా, మోసపోయేది."