కోర్గీ పిల్లకి పెళ్ళిచూపులు

అనగనగనగా గోదారి ఒడ్డున ఒక ఊళ్ళో కుందన అని ఒక పిల్ల ఉండేదమ్మా. నీకంటే ఓ ఏడాది పెద్దదేమో. జడ నీలాంటిదే, నోరూ నీలాంటిదే, మొదలుపెడితే అడ్డూ ఆపూ ఉండదు. వాళ్ళ నాన్న వీర్రాజు బజార్లో బట్టలు కుడతాడు. వాళ్ళమ్మ సత్యవేణి కరెంటాఫీసులో పనిచేస్తుంది. ముగ్గురూ మూడో అంతస్తులో ఉండేవాళ్ళు. ఆ మేడకి లిఫ్టు లేదు, మెట్లు మాత్రం కావలసినన్ని.

ఒకరోజు కుందన బడి నుంచి వస్తుంటే డాక్టరుగారి కార్లోంచి ఒక కుక్క దిగింది. అలాంటి కుక్కని ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు. మొహం చూస్తే నక్క, పిర్రలు చూస్తే కుందేలు, కాళ్ళు చూస్తే పీటకున్నంతే. కానీ నడకలో ఎంత దర్జా అనుకున్నావు! కోర్గీ అంటారమ్మా దాన్ని, దొరల దేశంలో ఆవుల్ని తోలుకొచ్చే కుక్క అని డాక్టరుగారు చెప్పారు. ఆవు కాలు విసిరితే అది తల మీంచి పోవాలని కాళ్ళు పొట్టిగా ఉంటాయట.

అంతే. ఆ పూట నుంచి కుందనకి లేస్తే కోర్గీ, కూచుంటే కోర్గీ. అన్నం ముందు కూచుని కోర్గీ, లెక్కలు చేస్తూ కోర్గీ. ఇల్లంతా కోర్గీ మయం, ఒక్క కోర్గీ తప్ప.

సరే పిల్ల అడుగుతోంది కదాని వీర్రాజు వెతకడం మొదలుపెట్టాడు. మొదట సంతలో ఒకతను అట్టపెట్టెలో కుక్కపిల్లల్ని పెట్టుకుని కనపడ్డాడు. దీని తల్లేది బాబూ అని సత్యవేణి అడిగింది. తల్లితో మీకేం పనండీ అన్నాడతను. పాలైనా మరవని పిల్లలవి, ఒకదాని మీద ఒకటి పడి వణుకుతున్నాయి. తల్లిని చూపించలేనివాడి దగ్గర పిల్లని తీసుకోకూడదు, పదండి అని సత్యవేణి వెనక్కి తిప్పేసింది.

ఆ తర్వాత ఒకాయన ఫోనులో ఫోటో పంపించాడు. అందమైన ఫోటో, కుందన ముద్దు కూడా పెట్టేసుకుంది. ఎలా పంపిస్తారండీ అంటే, బుట్టలో పెట్టి రాత్రి బస్సు డిక్కీలో పడేస్తాం, పొద్దున్నకి మీ ఊళ్ళో దించుకోండి అన్నాడు. ప్రాణమున్న పిల్లని మామిడికాయల పార్శిల్లాగా పంపిస్తాడా అని వీర్రాజుకే ఒళ్ళు మండింది. ఫోను పెట్టేశాడు.

అప్పుడు మూడోసారికి డాక్టరుగారే దారి చెప్పారు. ఏటి అవతల ఫిలోమినమ్మ అని ఒకావిడ ఉన్నారు. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ దగ్గర రెండు ఆడ కోర్గీలున్నాయి, ఒకటి ఈనింది, వెళ్ళి చూసుకోండి అన్నారు.

ముగ్గురూ ఏరు దాటి వెళ్ళారు. తల్లికుక్క అరుగు మీద పడుకుని ఉంది. పిల్లలు దాని చుట్టూ దొర్లుతున్నాయి. అందులో నుదుట తెల్లనామం ఉన్న పిల్ల ఒకటి దొర్లుకుంటూ వచ్చి, కుందన పావడా కుచ్చెళ్ళలో దూరి నిద్రపోయింది. ఇంకేం ఉంది? కుందన కదల్లేదు, కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు.

ఫిలోమినమ్మ అంతా చూసింది. పాలు మరిచాయి, టీకాలు వేయించాను, పిల్లనిస్తాను, కాని ముందు నేనొచ్చి మీ ఇల్లు చూసుకోవాలి అంది.

ఇల్లు చూడ్డమేంటని ఏరు దాటేదాకా వీర్రాజు గొణుగుతూనే ఉన్నాడు. పిల్లనిచ్చేవాళ్ళు ఇల్లు చూసుకోవద్దా మరి అని సత్యవేణి నవ్వింది. పాపం ఆవిడ నవ్వులాటకే అంది. వీర్రాజు మాత్రం ఆ మాట పట్టేసుకున్నాడు. ఓహో, ఇవి పెళ్ళిచూపులన్నమాట, అయితే పెళ్ళిచూపులకి ఏమేం చెయ్యాలో అన్నీ చేద్దాం అన్నాడు.

చేశాడమ్మా, అన్నీ చేశాడు. గోడలకి సున్నం వేయించాడు. కిటికీలకి కొత్త పరదాలు తనే కుట్టాడు. ఆ ఇంట్లో ఎండాకాలం పెనం మీద కూచున్నట్టుంటుంది, అంత బొచ్చున్న కుక్క తట్టుకోదు. అందుకని ఫోటో స్టూడియో వాళ్ళ కూలరు ఒక్క పూటకి అడిగి మోయించుకొచ్చాడు. ఆ తర్వాత అన్నిటికంటే పెద్ద పని చేశాడు. కుక్కపిల్లుండే ఇంట్లో పగలు మనిషుండాలట కదా, వీళ్ళింట్లో ఎవరుంటారు? అందుకని కింది వాటాలో ఉండే సుభద్ర బామ్మని అరువు తెచ్చాడు! నవ్వకు, నిజంగానే తెచ్చాడు. మా పిన్నత్త, మాతోనే ఉంటారని చెప్తాను, మీరు ఊరికే కుర్చీలో కూచోండి చాలు అన్నాడు. సుభద్ర బామ్మకి మటుకు ఏం నష్టం? పట్టుచీర కట్టుకుని మరీ వచ్చింది.

ఇదేం పద్ధతండీ అని సత్యవేణి అడగకపోలేదు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు, కుక్కపిల్ల కోసం మూడాడితే తప్పా అన్నాడు వీర్రాజు. తెల్లనామం పిల్ల వస్తుందంటే కుందన వెయ్యికీ ఒప్పుకునేట్టే ఉంది.

ఫిలోమినమ్మ వచ్చింది. తెల్లనామం పిల్లని ఎత్తుకుని, మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ వచ్చింది. మంచినీళ్ళు తాగింది. పూతరేకుల పళ్ళెం ముందు పెట్టారు. అప్పుడావిడ తీరిగ్గా మూడు సంగతులు అడిగింది.

ఈ కుక్కకి వీపు పొడుగు, కాళ్ళు పొట్టి, ఇన్ని మెట్లు రోజూ ఎక్కి దిగితే నడుం పడిపోతుంది, ఎలాగండీ అంది. రోజూ నేనే ఎత్తుకుని దింపుతాను కదా అన్నాడు వీర్రాజు. తనేమో పొద్దున్న చీకటితో కొట్టుకెళ్ళి, దీపాలు పెట్టాక వచ్చే మనిషి. మరి ఎండాకాలమో అంది. కూలరుందండీ అంది సత్యవేణి, నేల చూస్తూ. పగలు ఇంట్లో ఎవరుంటారు అంది. నేను లేనూ అంది సుభద్ర బామ్మ, పూతరేకు నముల్తూ.

పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే కుక్కపిల్ల గదులన్నీ వాసన చూసుకుంటూ తిరిగింది. తిరిగి తిరిగి వీధి తలుపు వెనకాల, చల్లటి గచ్చు మీద చతికిలబడింది. తల పైకెత్తి తలుపు వంక చూస్తూ కూచుంది.

కుందన చూపు అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే అది కుందన చోటు.

నీకు చెప్పలేదు కదూ. బడి వదిలాక కుందన మెళ్ళో తాళంచెవితో తలుపు తీసుకుని ఒక్కత్తే ఇంట్లోకొచ్చేది. వాళ్ళమ్మ రావడానికి ఇంకో గంట పట్టేది. ఆ గంటసేపూ ఆ పిల్ల ఆడుకునేది కాదు, తినేది కాదు. ఆ తలుపుకి వీపు ఆనించుకుని కూచునేది. అక్కడైతే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడుతుంది. ఎవరిదో చప్పుడు వచ్చేది, కింది అంతస్తులోనే ఆగిపోయేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏడుపొస్తుందని చెప్పలేదు.

నాకు ఒక్క గంటే అంత పొడుగు కదా, దీనికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎంత పొడుగు అనుకుంది కుందన. నాకైతే అమ్మొస్తుందని తెలుసు, దీనికి ఆ సంగతి ఎవరు చెప్తారు అనుకుంది. నోరు తెరిస్తే పిల్ల పోతుంది. తెరవకపోతే పిల్ల ఇక్కడే ఉంటుంది, ఈ తలుపు వెనకాల. ఎటూ తోచక కాసేపు పావడా అంచు నలిపింది. అప్పుడు లేచి ఫిలోమినమ్మ దగ్గరికెళ్ళి నించుంది.

"మామ్మగారూ, సుభద్ర బామ్మ మా ఇంట్లో ఉండరు. పొద్దున్న అమ్మ తలుపేస్తే మళ్ళీ సాయంత్రం నేనే తీస్తాను. మధ్యలో ఎవరూ ఉండరు."

కూలరు ఒక్కటే గుర్రుమంటోంది. వీర్రాజు మెళ్ళో టేపుని చూసుకుంటున్నాడు. సుభద్ర బామ్మ మెల్లిగా లేచి, పొయ్యి మీద పాలున్నాయని చెప్పి, ఇంకో పూతరేకు పట్టుకుని దిగిపోయింది.

ఫిలోమినమ్మ పూతరేకుల పళ్ళెం పక్కకి జరిపింది. కుందనని దగ్గరికి తీసుకుంది. "ఈ పిల్ల వేరే ఇంటికి వెళ్తుందమ్మా. నీకు కుక్కపిల్ల లేదని కాదు. ఇప్పుడు లేదు, అంతే" అంది. తెల్లనామం పిల్లని ఎత్తుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కుందన ఏడ్చింది. మామూలుగా కాదు, వెక్కి వెక్కి ఏడ్చింది. నిజం చెబితే ఏడుపు రాదని ఎవరన్నా అంటే నమ్మకమ్మా, వస్తుంది.

అప్పుడు వీర్రాజు, నలుగురిలో పరువు తీశావు కదే అని మొదలుపెట్టబోయాడు. పిల్ల మొహం చూసి ఆపేశాడు. అంత ఇష్టమైన దాన్ని ఎందుకు వదిలేశావమ్మా అని అడిగాడు. అప్పుడు చెప్పింది కుందన, ఆ గంట సంగతి. తలుపు వెనకాల ఎలా కూచుంటుందో కూచుని చూపించింది కూడా. కింద పిల్లలతో ఆడుకుంటున్నావనుకున్నాను కదే అన్నాడు వీర్రాజు. అని, పిల్లని పొదువుకుని ఏడ్చాడు. సత్యవేణి వంటింట్లోకెళ్ళి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

మర్నాటి నుంచి మొగుడూ పెళ్ళాం ఇల్లు వెతకడం మొదలుపెట్టారు. ఒక ఇంటికి వరండా లేదు, ఒక ఇంటికి మళ్ళీ మెట్లే. ఆఖరికి చేపల రేవు వీధిలో నేలమీద ఇల్లు దొరికింది. చిన్నదే, పెంకుటిల్లు, కాని వెనకాల వేపచెట్టు నీడ చల్లగా ఉంటుంది. వీర్రాజు బజార్లో కొట్టు వదిలేసి, కుట్టుమిషను తెచ్చి ముందుగదిలో వేసుకున్నాడు. అంత దూరం ఎవరొస్తారయ్యా అని గిరాకీ వాళ్ళు విసుక్కున్నారు. జాకెట్టు కుదిరితే ఆడవాళ్ళు ఏరు దాటైనా వస్తారు, వచ్చారు.

ఇప్పుడు కుందన బడి నుంచి వస్తుంటే వీధి మొదట్లోనే మిషను చప్పుడు వినపడుతుంది. కుక్కపిల్ల ఇంకా రాలేదు గాని, ఆ గంట మాత్రం పోయింది.

వేసవి సెలవులొచ్చాయి. ఇప్పుడడుగుదామా ఫిలోమినమ్మగారిని అన్నాడు వీర్రాజు. రెండో కోర్గీ ఈనిందని కబురు కూడా తెలిసింది. కుందన ఫోను తీసుకుని తనే మాట్లాడింది. ఇప్పుడే ఇవ్వకండి మామ్మగారూ, రోహిణి ఎండలకి మేమే వేగిపోతున్నాం, పైగా సెలవుల్లో అయితే రోజంతా నేనుంటాను, తీరా బడి తెరిచాక అది బెంగపెట్టుకుంటుంది, బడి తెరిచాకే తీసుకురండి అంది. ఆ పిల్లే అందమ్మా ఆ మాట! సెలవులన్నాళ్ళూ వేలు మడుచుకుంటూ కూచుంది కాని, రమ్మనలేదు.

మృగశిర వచ్చింది. వాన పడింది. బడులు తెరిచారు. ఒక శనివారం కుందన బడి నుంచి వచ్చేసరికి ఫిలోమినమ్మ వరండాలో కూచుని ఉంది, ఒళ్ళో గోధుమరంగు పిల్లతో. ఇల్లు చూస్తారా అని వీర్రాజు భయంభయంగా అడిగాడు. అక్కర్లేదండీ, లోటేదైనా ఉంటే మీ అమ్మాయే చెప్తుందిగా అంది ఆవిడ.

పిల్లని కింద దించింది. కుందన నేలమీద కూచుని రెండు చేతులూ చాపింది. ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూసిందో కదా ఆ చేతులు చాపడానికి. కుక్కపిల్ల ఆ చేతుల వంక చూడనైనా చూళ్ళేదు. వాసన చూసుకుంటూ పక్కనించి వెళ్ళిపోయి, మిషను కింద గుడ్డపీలికల్లో దూరి, వీర్రాజు కాళ్ళ దగ్గర ముడుచుకుంది.

కుందన కళ్ళు నిండిపోయాయి. నేను కదా అడిగాను, నేను కదా వద్దని చెప్పి ఇన్నాళ్ళు ఆగాను అంది.

ఫిలోమినమ్మ ఆ పిల్ల తల నిమిరింది. "అడిగినవాళ్ళెవరో కుక్కకి తెలీదు తల్లీ. ఎవరున్నారో, అదొక్కటే తెలుస్తుంది" అంది.

కుందన కళ్ళు తుడుచుకుంది. పిలవలేదు, ఎత్తుకోలేదు. తన పుస్తకాల సంచీ తెచ్చుకుని మిషను పక్కన నేలమీద కూచుంది. ఎక్కాలు రాసుకుంది. బయట వాన పడుతోంది, నాన్న కుడుతున్నాడు, అమ్మ కూరలో పోపు పెడుతోంది. ఆ తర్వాత చాలాసేపటికి కుందన అరికాలికి తడిగా ఏదో తగిలింది. అదేంటో ఆ పిల్లకి తెలుసు, అయినా కదల్లేదు. ఆ తడి ముక్కు అలా అలా పాదం మీదికొచ్చింది, కుక్కపిల్ల గడ్డం పాదం మీద ఆనించింది, కళ్ళు మూసుకుంది.

అదమ్మా సంగతి. నువ్వూ కళ్ళు మూసుకో. నేనెక్కడికీ వెళ్ళను, ఇక్కడే ఉన్నాను.

కథేమో సాగింది కంచికి,
కునుకేమో వచ్చింది కంటికి,
కుక్కపిల్ల చేరింది ఇంటికి,
ఇక నువ్వూ నేనూ మంచానికి.