ఇసుకలోకి దిగిన చిన్నన్న

అనగనగా సముద్రం ఒడ్డున ఒక రాజ్యం. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు, వాళ్ళ వెనక ఒక్కగానొక్క కూతురు కువలయ. ఘోరకుడనే మాంత్రికుడొకడు వచ్చి కువలయని తనకిమ్మన్నాడు. అన్నలు ముగ్గురూ కత్తులు దూశారు. వాడు చిటికె వేశాడు. ముగ్గురూ శంఖాలు మోసుకు తిరిగే పీతలైపోయారు.

"నేనున్నంతకాలం వీళ్ళింతే. నన్ను పెళ్ళాడితే మనుషుల్ని చేస్తాను. మళ్ళీ వస్తా," అని మాయమయ్యాడు.

రాజు గాజుతొట్టి చేయించి, పొడి ఇసుక పలచగా పరిచి, వెండిగిన్నెలో మంచినీళ్ళు పెట్టించాడు. వారం తిరక్కుండానే పెద్దన్న శంఖంలోంచి సగం బయటికి వాలి చచ్చిపోయాడు.

కువలయ ఏడుస్తూ సముద్రం దగ్గరికి పోయింది. రాళ్ళసందున ఒక ముసలి పీత ఆమె గోడు విన్నది.

"అయ్యో తల్లీ, మా ఊపిరి తడిలో ఉంటుంది. తొట్టికి మూత పెట్టు. ఇసుక లోతుగా పోసి తడిపి ఉంచు. ఒక గిన్నెలో మంచినీళ్ళు, ఇంకో గిన్నెలో సముద్రపు నీళ్ళు పెట్టు. ఒళ్ళు పెరిగితే మారడానికి పెద్ద శంఖాలు వెయ్యి. ఇసుకలోకి దిగినవాణ్ణి మాత్రం తవ్వకు. వాడు చావలేదు, పాత పెంకు విడుస్తుంటాడు. ఇంకో మాట. ఘోరకుడి ప్రాణం వాడి మెళ్ళో శంఖంలో ఉంది. అందులో మరో ప్రాణి చేరితే వాడు బతకడు."

కువలయ అన్నీ అలాగే చేసింది. కొన్నాళ్ళకి నడిమన్న ఇసుకలోకి దిగాడు. ఎంతకీ పైకి రాలేదు.

"ఉన్నాడంటావా?" అని రాణి అడిగేది.

"ఉన్నాడమ్మా. తవ్వకు."

"అలాగేలే."

ఒక మధ్యాహ్నం కువలయ సముద్రపు నీళ్ళకి వెళ్ళినప్పుడు రాణి మనసు ఆగలేదు. ఒక్కసారి చూసి కప్పేద్దామనుకుంది. కొత్త పెంకు ఇంకా గట్టిపడలేదు. పూరేకులా ఉన్న ఆ ఒళ్ళు ఆమె వేళ్ళ మధ్యే నలిగిపోయింది.

కువలయ వచ్చేసరికి తల్లి అరచెయ్యి చాచి కూర్చుని ఉంది.

"చూద్దామనేనే," అంది.

కువలయకి కోపం రాలేదు. బిందె దించి పక్కన కూలబడింది.

తర్వాత చిన్నన్న ఇసుకలోకి దిగాడు. రాణి తన రెండు చేతులూ కొంగుతో కట్టించుకుని తొట్టి ఎదుట కూర్చుంది. కట్టు విప్పనిచ్చేది కాదు. కువలయే అన్నం కలిపి తినిపించేది. నెలలు గడిచాయి. ఒకనాడు ఇసుక కదిలింది. చిన్నన్న పైకి వచ్చాడు. ఒళ్ళు పెరిగింది, పాత శంఖం చాలడం లేదు.

అదేరోజు ఘోరకుడు కోటవాకిట్లో దిగాడు. కువలయ గబగబా తొట్టిలో ఉన్న పెద్ద శంఖాలన్నీ తీసేసింది.

"మూడోవాడూ పోయాడో ఏమో తెలియడం లేదు. ఉన్నాడని చూపించు, నీ మాట వింటాను," అంది.

వాడు నవ్వుతూ తొట్టిలోకి వంగాడు. మెళ్ళో శంఖం ఇసుకకి తగిలింది. చిన్నన్న పాత శంఖం వదిలి, మెత్తటి ఒంటితో అందులోకి దూరిపోయాడు. ఘోరకుడు వంగినవాడు మళ్ళీ లేవలేదు.

చిన్నన్న మనిషై నిలబడ్డాడు. కువలయ తల్లి చేతులు విప్పింది. రాణి ఆ చేతులు వెనక్కి దాచుకుని అక్కడే నిలబడిపోయింది.

"గట్టిపడ్డానమ్మా, ముట్టుకో," అన్నాడు చిన్నన్న.

ఆ చెయ్యి అతని చెంపదాకా రావడానికి చాలాసేపు పట్టింది.

చిన్నన్నకి పట్టం కట్టారు, పెళ్ళి చేశారు. కువలయ తనకి నచ్చినవాణ్ణి చేసుకుంది. వాళ్ళ ఏలుబడిలో రాజ్యం చిరకాలం చల్లగా ఉంది. రాణి మాత్రం ఉన్న ఇద్దరినీ చూసుకుని మురుస్తూనే, లేని ఇద్దరికోసం బతికినన్నాళ్ళూ ఏడ్చింది.